మొదటి బిందె

2008 వానాకాలంలో నన్ను మెటియాబ్రుజ్ నీటి నమూనాల పనికి వేశారు. కోల్‌కతాలో ఒక ప్రయోగశాలలో జూనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌ని. ఆ పేటలో పచ్చకామెర్లు పాకుతున్నాయి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవు డాక్‌లో పనిచేసే కుటుంబాల సందొకటి అక్కడ ఉంది. తెలుగు వచ్చు కనుక అది నాకిచ్చారు. అప్పుడు నాకు అయిదో నెల. హెపటైటిస్-ఇ వైరస్ అని మా అనుమానం. అది మామూలు మనిషిని కొన్ని వారాలు మంచాన పడేసి వదులుతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి ప్రాణం మీదికి తేగలదు. అది తెలిసినదాన్ని కనుక ఆ సందులో మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకునేదాన్ని కాదు.

నమూనా తీయడానికి పద్ధతి ఉంది. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేశాక పట్టాలి. కుళాయికి అంటిన మురికి ఫలితాన్ని చెడగొట్టకూడదని. బాక్టీరియా పరీక్షకు చిన్న సీసా చాలు. వైరస్ నీళ్ళలో మరీ కొద్దిగా ఉంటుంది కనుక పదేసి లీటర్ల డబ్బాలు కావాలి. ఆ నీళ్ళను వైరస్ అంటుకునే పొర గుండా వడకట్టి, పొరను కడిగిన ద్రవాన్ని నాలుగు చుక్కలకు కుదించి, వైరస్ జన్యువును కోట్ల రెట్లు పెంచే పీసీఆర్ యంత్రంలో పెట్టి, తర్వాత జెల్ మీద పరుస్తాం. వైరస్ ఉంటే జెల్ మీద గీత వెలుగుతుంది. మొదటి రెండు విడతల్లో గీత రాలేదు. బాక్టీరియా కూడా లేదు.

ఆ సందులో పైడమ్మకు ఏడో నెల. పక్కింట్లో కామెర్లు వచ్చినప్పటి నుంచి భయపడి నీళ్ళు కాచుకుని తాగుతోంది. ఆమె అత్తగారు అప్పలనర్సమ్మకు అది గిట్టదు. "ఏటమ్మా, మీ పరీక్షలో ఏటి తేలింది? మా కోడలు రాణీగారు కుళాయినీళ్ళు ముట్టుకోదు" అని అడిగింది. నీళ్ళు బాగున్నాయి, తాగొచ్చు అన్నాను. నా మాట నమ్మి పైడమ్మ కాచడం మానేసింది.

కామెర్లు మాత్రం ఆగలేదు. అంతకుముందు ఎప్పుడూ కుళాయి దగ్గర బిందెల వరస తగ్గాకే వెళ్ళేవాళ్ళం. మూడో విడతకు నేనూ, అందరం దాదా అని పిలిచే సీనియర్ టెక్నీషియనూ పొద్దున్నే నీళ్ళు వదలకముందే చేరాం. డబ్బాలతో వరస చివర నిలబడ్డాను.

"కడుపుతో ఉన్నదానివి, అక్కడ నిలబడిపోనావేటి? ముందుకి రా. ఇక్కడ మొదటి బిందె కడుపుతో ఉన్నోళ్ళదే" అంది ఒకామె. "ఆడపిల్లయితే నీలాగే డబ్బాలు మోస్తాదిలే" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. రోజూ మొదటి బిందె పైడమ్మదేనట. ఈ పూట తన వంతు నాకిచ్చింది.

కుళాయి గాలి కక్కి నీళ్ళు వదిలింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సరఫరా లేనప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది. పగిలిన అతుకుల్లోంచి పక్క కాలవ మురుగును పీల్చుకుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలితే ముందు వచ్చేది అదే. మేము పద్ధతి ప్రకారం పారబోస్తున్న నీళ్ళే వీళ్ళు ప్రేమకొద్దీ గర్భిణి బిందెలో పోస్తున్నారు.

వెంటనే డబ్బా పెట్టాను. ఇలా పట్టింది చెల్లదు, రిజిస్టర్‌లో ఎక్కదు అన్నాడు దాదా. రెండో డబ్బా పద్ధతి ప్రకారమే పడదాం, వేరువేరు చీటీలు అంటించండి అన్నాను. నా మొహం చూసి అంటించాడు. పైఅధికారి సంతకం కాని ఫలితం బయట చెప్పకూడదు, ఇక్కడ అసలు ఫలితమే లేదు. అయినా పైడమ్మ చేయి పట్టుకుని, ఆ రోజు తప్పు చెప్పాను, కాచుకునే తాగు, మొదటి బిందె పట్టకు అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ తాగీసినాను కదమ్మా" అంది.

నాలుగో రోజు మొదటి డబ్బాకు గీత వెలిగింది. రెండోదానికి లేదు. గొట్టం మార్చారు. కానీ ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఏదో వంకతో ఆ సందుకు వెళ్ళి పైడమ్మ కళ్ళ తెలుపు చూసేదాన్ని. ఆ నీళ్ళు తాగకపోయినా, ఇంటికొచ్చి అద్దంలో నా కళ్ళు చూసుకునేదాన్ని. అయిదో వారంలో ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. ఆస్పత్రిలో ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

"నువ్వేటి చేస్తావమ్మా, మిషను చెప్పిందే చెప్పినావు" అంది అప్పలనర్సమ్మ.

మిషను అలా చెప్పలేదు. మేమిచ్చిన నీళ్ళ గురించే చెప్పింది.

పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఈ పని నేర్చుకునేవాళ్ళకు చెప్పదగింది ఇంతే: రిపోర్టులో 'కనబడలేదు' అంటే, ఆ డబ్బాలో, ఆ వేళ పట్టిన నీళ్ళలో కనబడలేదని మాత్రమే. తాగేవాళ్ళు ఏ వేళప్పుడు, ఎలా పట్టుకుంటారో ముందు నిలబడి చూడాలి. అది చూడనివాళ్ళు నీళ్ళు బాగున్నాయని ఎవరికీ చెప్పకూడదు.