పార్కు కింద అవ్వ చెలక

మా కాలనీకి ఆకుకూరలు తెచ్చే అవ్వ మంగళవారం పొద్దున పోయింది. వాట్సాప్ గ్రూపులో కబురు పడగానే ఎవరో అడిగారు, "మరి రేపటి నుంచి తోటకూర ఎవరు తెస్తారు?" అని. నాకు ఒళ్లు మండిపోయింది.

కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చి శామీర్‌పేట దగ్గర ఇల్లు కట్టుకున్నవాళ్లం మేము. ఈ నేల ఎవరిదో అవ్వ చెప్పేదాకా నాకు తెలియదు. భూమిలేని పేదలకు సర్కారు భూములు పంచిన కాలంలో, కొత్త కోడలిగా ఉన్న అవ్వకూ ఆమె భర్తకూ ఇక్కడి రాళ్ల చెలక, అదే మెట్ట చేను, దక్కిందట. ఇద్దరూ రాళ్లేరి జొన్న వేశారు. తర్వాత ఇంకో పథకం కింద బర్రె వచ్చింది. వట్టిపోయిన బర్రె! దానికి అవ్వ 'సర్కారు' అని పేరు పెట్టింది. "మా సర్కారు మేసుడే గని పాలియ్యకపోయె బిడ్డా," అని బోసినోటితో పకపకా నవ్వేది.

చెలక మాట వస్తే మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. నగరం ఇటు పెరిగాక, పేదలకు ఇళ్లు కడతామంటూ ఇచ్చిన భూమినే వెనక్కి తీసుకున్నారు. ఇళ్లు రాలేదు, ప్లాట్లు వచ్చాయి. అందులో ఒకటి మాది. "సర్కారుకు ఇచ్చుడు ఎర్కే. ఉండనిచ్చుడే ఎర్క లేదు," అనేది. నన్ను ఒక్క మాటా అనలేదు. పైగా నాకు జ్వరమొస్తే అడక్కుండానే జొన్న గట్క కాచి తెచ్చింది.

ఇక్కడ చాలామంది తమవాళ్లను సొంత చేనులోనే పూడుస్తారు. అవ్వ భర్త సమాధి ఉన్న చోటే మా పిల్లల పార్కు వచ్చింది. ఏటా పెత్తరమాస నాడు, పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య నాడు, అవ్వ ఆ మూలన విస్తరాకులో ఇంత బువ్వ, కూర పెట్టి కూర్చునేది. పక్కనే జారుడుబల్ల మీద పిల్లల గోల. "మీ తాతకు సప్పుడంటే ఇష్టమే తియ్," అనేది. పోయినేడు నా చెయ్యి పట్టుకుంది. "నన్ను గూడ గీయన పక్కన్నే పెట్టియ్యిమని మీ పెద్దలకు జెప్పు బిడ్డా. ఇగ వేరే ఏం అడుగ."

చెప్పాను. మంగళవారం హడావుడిగా పెట్టిన కాలనీ మీటింగులో అరిచాను కూడా. "మేడమ్, మీ బాధ అర్థమవుతోంది. కానీ పార్కులో శవాన్ని పూడిస్తే రేపు మన ఇళ్లు ఎవరైనా కొంటారా?" అన్నారు ప్రెసిడెంటుగారు. అందరూ తలలూపారు. మావారు కూడా.

గేటు బయట పాడె దించారు, డప్పులు ఆగాయి. విషయం చెబితే అవ్వ కొడుకు గొడవ పడలేదు. "పోనియ్యి అమ్మా, శ్మశానంలనే పెడ్తం. మా బాపు సమాధి మన్ను ఇంత ఇయ్యి. మా అమ్మ పక్కన ఏస్త," అన్నాడు.

పార్కు మూలన పచ్చిక పెళ్లగించి తవ్వాను. ఎంత తవ్వినా ఒక్క రాయి తగల్లేదు, అంతా మెత్తటి నల్లమట్టి. తోటమాలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గది బయటికెల్లి తెచ్చి పోసిన చెరువు మన్ను మేడం. పార్కు జేసినప్పుడే మిషిన్ పెట్టి సమాధి లేపిన్రు. బొక్కలు, బొమికలు గూడ రాళ్ల లారీలనే పోయినయ్. అవ్వకు జెప్పనీకె నాకు నోరు రాలే."

నాకూ రాలేదు. ఆ మట్టినే దోసిట్లో తీసుకెళ్లి ఇచ్చాను. కొడుకు తలకున్న తువ్వాలు విప్పి, అందులో పోసుకుని మూట కట్టాడు. కళ్లకద్దుకున్నాడు.

"బాపూ, పోదాం పా," అన్నాడు.