మొటిమల గోలీ మీది బొమ్మ

మొటిమలకు మందంటే మొహానికి ఏదో ఒకటి పూసుకోవడమే అనుకుంటారు అందరూ. నేనూ పూశాను. శెనగపిండి, వేపాకు, టూత్‌పేస్టు, మా బెల్లంపల్లి గనుల కాలనీలో ఎవరు ఏది చెబితే అది! డిగ్రీకొచ్చేసరికి చెంపలు రెండూ గడ్డలు కట్టాయి. మానినచోటల్లా గుంతలు పడ్డాయి. ముక్కు పక్కన చర్మం నారింజ తొక్కలా రంధ్రాలు తేలింది. చివరికి కరీంనగర్‌లో చర్మం డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి మింగే గోలీలు రాసింది. గుంతల సంగతి మొటిమలు తగ్గాక చూద్దామంది. ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పింది. గోలీలు వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో నెలదాకా గర్భం రాకూడదు, కడుపులో బిడ్డ సరిగ్గా తయారవదు అంది. నాకు నవ్వొచ్చింది. పెళ్లే లేదు, గర్భమెక్కడిది!

పెదాలు పగిలి మండేవి గానీ మొహం మాత్రం నెమ్మదించింది. అంతలోనే సంబంధం కుదిరింది. జగిత్యాల దగ్గరి ఊరు, అబ్బాయి దుబాయిలో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చాడు, సెలవు అయ్యేలోపే పెళ్లి కావాలి. ముహూర్తం పెట్టిన రోజే గోలీలు ఆపేశాను, కానీ పెళ్లికి నెల కూడా లేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, నీ భర్తకు చెప్పు, నెల నిండేదాకా ఆగండి అంది. నన్ను కన్న మా అవ్వ మాత్రం నా నోరు నొక్కేసింది.

"మొటిమలకు గోలీలు మింగిందంటే లోపట ఏదో రోగమున్నదంటరు. గిప్పుడు గా ముచ్చటెందుకే?"

ఎందుకేమిటి! పుట్టబోయే బిడ్డ గురించి కదా! అవ్వకు చెప్పి చెప్పి విసిగిపోయి, ఆయనకే చెబుదామనుకున్నాను. పెళ్లయి అత్తవారింటికి వెళ్తే అక్కడ కాలు పెట్టే జాగా లేదు, అంతా చుట్టాలే. ఆయనా నేనూ ఒక్కచోట కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి నడుమ కూర్చునేవారు. శోభనం పెట్టిన రోజు రానే వచ్చింది. సాయంత్రం లోపల ఎట్లాగైనా చెప్పాలి.

అంతలో అత్తమ్మ లోపలి గదిలోంచి పిలిచింది. సాయంత్రం కట్టాల్సిన చీర కోసం నా బ్యాగు తెరిచిందట. ఆమె చేతిలో మిగిలిపోయిన గోలీల పట్టీ ఉంది. మొటిమలు మళ్లీ లేస్తాయేమోనన్న భయంతో దాన్ని పారెయ్యలేక చీరమడతలో పెట్టుకొచ్చాను. పట్టీ వెనకవైపు కడుపుతో ఉన్న ఆడమనిషి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. అత్తమ్మకు చదువు రాదు. ఆ బొమ్మకు చదువెందుకు?

"ఏందే గిది?"

"మొటిమల గోలీలు అత్తమ్మా."

"నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా? మొటిమల గోలీ మీద కడుపుతోనున్న ఆడిదెందుకుంటది? పిల్లలు కావద్దని గోలీలు దాచుకొని నా ఇంట్ల అడుగువెట్టినవా?"

ఆమె చెప్పేదే నిజంలా ఉంది, నేను చెప్పేది కట్టుకథలా ఉంది. ఆమె ఊరుకోలేదు. అక్కడికక్కడే మా అవ్వకు ఫోన్ చేసి, "పెద్దమనుషులను తోల్కొని రా, మాట్లాడుకుందాం" అనేసింది. పెళ్లి పందిరి ఇంకా విప్పనేలేదు, నన్ను పుట్టింటికి పంపించే ముచ్చట మొదలైంది.

కొడుకును కేకేసింది. ఆయన పట్టీ తీసుకుని వెనకా ముందూ చదివాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. పౌడరు లేదు, గుంతలన్నీ కనబడుతున్నాయి. దాచుకోవడానికి నాకిక ఏమీ లేదు. గోలీల సంగతి, నెల సంగతి, బిడ్డ సంగతి అన్నీ గడగడా కక్కేశాను.

"నిన్ననే చెప్తే ఏమైతుండె?" అన్నాడు.

"ఎప్పుడు చెప్పాలె? మీ ఇంట్ల జర సందు దొరికిందా నాకు?"

అరిచాను. కొత్తకోడలు అరవకూడదని తెలుసు, అయినా అరిచాను. నిజంగా మండిపోయింది.

ఆయనే డాక్టరమ్మకు ఫోన్ కలిపాడు. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు, మళ్లీ ఎత్తలేదు. బయట చుట్టాలు చాయ్ అడుగుతున్నారు. అత్తమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి నా మీదనుంచి చూపు తిప్పడంలేదు. ఎంతకూ ఫోన్ ఎత్తకపోతే నా మాట నమ్మేదెవరు? చాలాసేపటికి అటునుంచే ఫోన్ వచ్చింది. ఆయన స్పీకర్ పెట్టాడు. డాక్టరమ్మ నాతో చెప్పినవన్నీ ఆయనకూ చెప్పింది.

అత్తమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "మరి గిప్పుడే కడుపైతే ఏమైతదమ్మా?"

"బిడ్డ గుండె, మెదడు, చెవులు సరిగ్గా ఏర్పడకపోవచ్చు."

"మల్ల ఎన్నటికీ పిల్లలు కారా?"

"అట్లేం లేదమ్మా. గోలీ ఆపినంక నెల దాటితే భయమే లేదు."

అత్తమ్మ మంచం మీద కూలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లింది. ఏమంటుందోనని చెవులు రిక్కించాను. పంతులు ఫోన్ చేశాడనీ, ఇయ్యాల మంచిది కాదన్నాడనీ, శోభనం తర్వాతనేననీ చుట్టాలకు చెప్పేసింది. మా అవ్వకూ మళ్లీ ఫోన్ చేసి రావద్దంది.

ఆ రోజునుంచి నా పక్క ఆమె పక్కనే, కొడుకు మంచం బయటే. పగటి ముచ్చట్లకు మాత్రం అడ్డం రాలేదు. నెల నిండకముందే ఆయన సెలవు అయిపోయింది. ఆయన ప్రయాణమయ్యే రోజు ఇంటిముందు కారు ఆగింది. వీధిలో ఆడవాళ్లంతా చేరారు. అత్తమ్మకు వరసకు ఆడబిడ్డయ్యే ముసలామె నా మొహం ఎగాదిగా చూసింది. గోలీలు ఆపాక చెంప మీద రెండు మొటిమలు మళ్లీ లేచాయి.

"పిలగాడు పోవట్టె. కొత్తగ మొగుడుపెండ్లాలను ఒక్కతాన ఉండనియ్యకపోతివి. గీ పిల్లలోనే ఏదో లోపమున్నదా వదినా?"

అత్తమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"పిల్లకేం లేదు. నేనే వద్దన్న."

ఆ మాట ఊరంతా తిరిగింది. కొడుకునూ కోడలినీ కలవనియ్యని అత్త అని ఈమెకు పేరుపడింది. ఉన్నదున్నట్టు అందరికీ నేనే చెబుతానన్నాను. కూరగాయలు తరుగుతున్నదల్లా తలెత్తింది.

"ఇన్నేండ్లు నీ మొహం గురించి మాట్లాడింది సాలు బిడ్డా. ఇగ నా గురించి మాట్లాడుకోనియ్యి."