పెద్ద ఎంసీబీ పెట్టని మనిషి

మా ఆయన ఏసీ మెకానిక్. ఇరవై ఆరేళ్లుగా జనం ఆయన్ని అడిగేది ఒకటే: "ఎంసీబీ ఊరికే పడిపోతోంది, పెద్దది పెట్టేసి పోవయ్యా." ఆయన చెప్పేదీ ఒకటే: "పెట్టను. వైరు మోయలేనంత కరెంటు వస్తే ఆపడానికే ఆ స్విచ్చు ఉంది. పెద్దది పెడితే అది పడదు, వైరు కాలుతుంది." వాళ్లు ఇంకొకణ్ణి పిలుచుకుంటే, ఈయన నిమ్మకు నీరెత్తినట్టు సంచి సర్దుకుని వచ్చేస్తాడు. మా అల్లుడు ఈ సంగతి ఆఫీసులో కూడా గొప్పగా చెప్పుకుంటాడు. నాకైతే ఒళ్లు మండేది.

ఈ ఎండల్లో మా అమ్మాయి రెండు నెలల పాపతో వచ్చింది. వారం తిరక్కుండా మా ఏసీకీ అదే రోగం. పదకొండు దాటగానే ఎంసీబీ టక్కున పడేది, పాప గుక్కపట్టి ఏడ్చేది. దీపం కింద చీకటంటే ఇదేనని రోజూ దెప్పాను. ఆదివారం ఆయన పని మానుకుని, ఏసీ విప్పి దులిపి, వైర్లన్నీ బిగించి, సాయంత్రం దాకా బాల్కనీలో బయటి యూనిట్ పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారీ పడలేదు.

"మీరంటే భయం దానికి," అన్నాను.

"కారణం దొరుకుతుందిలే," అన్నాడు.

సోమవారం మళ్లీ పడింది. అసలే నాకు ముక్కుమీద కోపం. ఫ్యాన్లు అమ్మే మా తమ్ముణ్ణి పిలిచాను. వాడు ఐదు నిమిషాల్లో పెద్ద ఎంసీబీ బిగించి, "బావకు చెప్పకక్కా," అని జారుకున్నాడు. ఏసీ ఆగకుండా నడిచింది. పాప హాయిగా నిద్రపోయింది. ఇంత చిన్న పనికి ఈయన చేసే రాద్ధాంతమేమిటో అనుకున్నాను.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. పాపను చూద్దామని గదిలోకి వెళ్లి, మంచం పక్క స్విచ్ పలక దగ్గర గోడమీద చెయ్యి ఆనించాడు, చురుక్కుమంది. వెంటనే ఏసీ ఆపేసి, పాపను ఎత్తి హాల్లో అమ్మాయి పక్కన పడుకోబెట్టాడు. స్విచ్ పలక విప్పితే లోపల వైరు తొడుగు మెత్తబడి కాలిన వాసన కొడుతోంది. అక్కడికి జానెడు దూరంలోనే ఇంతసేపూ పాప తల.

ఎంసీబీ పెట్టె తెరిచి చూశాడు. బాల్కనీలోకి వెళ్లాడు. అక్కడ యూనిట్‌కు ఎదురుగా నేను కట్టిన తాడు, దాని నిండా పాప గుడ్డలు. వేడిగాలికి గంటలో ఆరిపోతాయని రోజూ ఉతకగానే అక్కడే వేసేదాన్ని. ఆదివారం ఆయన పనికి అడ్డమని వేయలేదు.

"గాలి పోయే దారి మూసేస్తే వేడెక్కి కరెంటు ఎక్కువ లాగుతుంది, అదేం చేస్తుంది పాపం," అని ఒక్కో గుడ్డా తీసి మడతపెట్టాడు.

అంతలో పాపను చూడ్డానికి అల్లుడు వచ్చాడు. తెరిచిన పెట్టె దగ్గర ఆగిపోయాడు.

"మామయ్యగారూ, ఇంత పెద్దది ఎవరు పెట్టారు?"

నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నేనే," అన్నాడు మా ఆయన. "పాప ఏడుస్తుంటే చూడలేకపోయాను."

అల్లుడు ఆయన ముఖం చూడలేక తల దించుకున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. కానీ ఆ పిల్లాడు ఆయన ముందు అలా తల దించుకుంటే ఓర్చుకోలేకపోయాను.

"కాదు బాబూ, పెట్టించింది నేను. గుడ్డలు అడ్డం వేసిందీ నేనే. ఆయన ఇంతవరకూ ఎవరింట్లోనూ పెట్టలేదు." చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

మా ఆయన మడతపెట్టిన గుడ్డలు నా చేతిలో పెట్టాడు.

"మెల్లగా మాట్లాడు, పాప లేస్తుంది," అన్నాడు.