అమ్మవారికి అడ్వాన్సు

మా ఊళ్ళో బెల్లానికి రకాలు కడతారు. దిమ్మ మార్కెట్టుకి రాగానే రంగు చూస్తారు, గోటితో గీకుతారు, చిన్న ముక్క నోట్లో వేసుకుంటారు. అప్పుడు మొదటి రకమో, రెండో రకమో, మూడో రకమో తేలుస్తారు. మా వారు ఆ మార్కెట్లోనే ఒక కొట్టులో గుమస్తా. ఆయనా, మా తమ్ముడూ, ఇంకో ఇద్దరు ముగ్గురు మార్కెట్టు మనుషులూ మ్యాచ్ ఉన్న ఆదివారం సాయంత్రం మా వరండాలో కూర్చుని మనుషులకి కూడా రకాలు కట్టేవారు. మనుషులంటే ఆటగాళ్ళు. మార్కెట్టు కుర్రాళ్ళు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటుంది. బంతి ఎప్పుడూ తన్నకపోయినా 'మా క్లబ్బు' అనే అంటాను నేను.

"లెఫ్ట్ వింగు?" అని అడిగేవారు మా వారు, వేలం పాట పాడించేవాడిలాగ.

"రెండో రకం," అనేవాడు తమ్ముడు.

"రెండోదేట్రా? బంతి కాలికి తగిలితే పక్కూరు పోతంది. మూడోది కట్టు."

"పోన్లే బావా, రేత్తిరి కంపెనీలో డూటీ సేసేడు. బస్సు దిగి తిన్నగా గ్రౌండుకొచ్చేత్తే ఏటి పరిగెడతాడు?"

"నిద్ర సాలని బెల్లవని సెప్తే మార్కెట్లో ఎవుడైనా రేటు పెంచుతాడేటి?"

అందరూ నవ్వేవారు. తరవాత గోలీ, అంటే గోల్‌కీపరు, వంతు. అతనికి ఎవరో మూడో రకం కట్టబోయేవారు. నేను వంటింటి కిటికీలోంచి, పకోడీలు తీస్తూనే, "గోలీనెందుకు అంటారు? ముందర అడ్డుకునే మనిషి లేకపోతే అతనేటి చేస్తాడు? ఆ రెండు గోల్సూ ఎడంపక్క నుంచి వచ్చినవే కదా," అనేదాన్ని.

"అదిగో, లోపల్నించి కామెంట్రీ మొదలైంది," అనేవారు మా వారు. కాని గోలీకి రెండో రకమే ఖాయమయ్యేది.

ఇదంతా వేళాకోళమని కొత్తవాళ్ళు అనుకుంటారు. వేళాకోళం కాదు. క్లబ్బుకి బంతులు కొనేది, వ్యాను మాట్లాడేది ఈ వరండా మనుషులే. ఇక్కడ వరసగా మూడో రకం పడ్డవాడికి తరవాతి మ్యాచిలో చోటుండేది కాదు. కెప్టెన్ మొహమాటపడుతూ వచ్చి, "ఈసారికి రెస్ట్ తీసుకోరా" అని చెప్పేవాడు.

నాకీ ఆట మా నాన్న వల్ల తెలిసింది. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువగా ఉండి బడికి పంపలేదు. చక్కెర ఫ్యాక్టరీలో పని ముగించుకొచ్చి నాన్నే ఇంట్లో చదువు చెప్పేవారు. పుస్తకాలు కొనే స్తోమతు లేక పేపరు మీదే అక్షరాలు దిద్దించేవారు. మొదటి పేజీ నిండా చావులేనని ఆటల పేజీ తీసేవారు. అందుకని నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటల్లో 'పెనాల్టీ' ఒకటి. ఆదివారాలు సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని గ్రౌండుకి తీసుకెళ్ళేవారు. నాన్నకి కూతురు రోగిష్టిదన్న బెంగ ఉండే ఉంటుంది. నాకు మాత్రం అది కనబడనివ్వలేదు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు ఇప్పటికీ ముందు ఆయన పేరే తలుచుకుంటాను.

ఆ ఆటే మా ఇంటికి అల్లుణ్ణి తెచ్చింది. మా అమ్మాయిని చేసుకున్నతను మోటారు సైకిళ్ళ మెకానిక్కు. మా క్లబ్బుకి స్టాపరు, అంటే గోలీ ముందు గోడలా నిలబడేవాడు. గొంతు లేవదు, కాలు ఆగదు. మా వరండాలో అతనికి మొదటి రకం తప్ప ఇంకోటి ఎవరూ కట్టి ఎరగరు.

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో తుమ్మపాల జట్టుతో ఆడుతుంటే అతను బంతికోసం తిరిగాడు. ఒళ్ళు తిరిగింది, పాదం నేలలో ఉండిపోయింది. గట్టు మీద కూర్చున్న నాకు మోకాలు మెలిక పడడం కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాం. లోపల నరంలాంటిదేదో సగం తెగిందన్నారు డాక్టరు. వానలు పడేదాకా బంతి ముట్టొద్దని, ఈలోగా మళ్ళీ మెలిక పడితే ఆపరేషనేనని, ఆ తరవాత గొంతుక్కూర్చోవడం కూడా అనుమానమేనని చెప్పారు. మెకానిక్కు గొంతుక్కూర్చోలేకపోతే ఇంక తినేదేమిటి? ఆ ముక్క విని మా అమ్మాయి మొహం చిన్నదైపోయింది.

అతను లేక క్లబ్బు పని అయిపోయింది. రెండు మ్యాచులు వరసగా ఓడాం. సెంటర్ ఫార్వర్డుకి చీలమండ బెణికింది. ఇంకొకడికి పెళ్ళి కుదిరి ఆట మీద ధ్యాస పోయింది. నూకాలమ్మ తల్లి జాతర రోజుల్లో కశింకోట జట్టుతో మ్యాచి. ఆ జట్టు చేతిలో ఓడితే ఏడాది పొడుగునా మార్కెట్టులో తలెత్తుకోలేరు. అక్కణ్ణించి బెల్లం తెచ్చే రైతులు బండి దిగుతూనే ఎత్తిపొడుస్తారు.

అప్పుడు మా వాళ్ళు చేసిన పని, బెల్లం మార్కెట్టు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

మార్కెట్టులో ఒక పద్ధతుంది. చెరకు నాటేముందే కొట్టువాళ్ళు రైతుకి అడ్వాన్సు ఇస్తారు. అడ్వాన్సు తీసుకున్న రైతు తన బెల్లం ఆ కొట్టుకే తేవాలి, ఇంకో గుమ్మం తొక్కకూడదు. అమ్మవారికి మొక్కు అలాంటిది కాదు. పనయ్యాక చెల్లించేదే మొక్కు. కాని పుట్టిన దగ్గర్నుంచి అడ్వాన్సుల్లో బతికినవాళ్ళకి ఆ తేడా తట్టలేదు. అల్లుణ్ణి మార్కెట్టుకి తీసుకుపోయి, కాటా మీద కూర్చోబెట్టి, అతనికి సరితూగే బెల్లం తూచి, మోకాలు ఇంకా నయం కాకముందే అమ్మవారికి సమర్పించేసి వచ్చారు.

మ్యాచి ముందురోజు మధ్యాహ్నం తమ్ముడు ఆకులో ప్రసాదం, చేతిలో కొత్త మోకాలి పట్టీ పట్టుకుని వరండా ఎక్కాడు. వెనకాల మా వారు. అల్లుడు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. నేను వంటింట్లో పకోడీలు వేస్తున్నాను, అమ్మాయి నా పక్కన ఉంది.

"అల్లుడూ, లెగు. ఓసారి నడిసి సూపించు," అన్నాడు తమ్ముడు.

అతను లేచి ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు.

"సూసేవా బావా? వాపు నేదు, ఏటీ నేదు. అమ్మోరు పుచ్చుకుందంటే ఊరికినే పుచ్చుకుంటాదేటి? అడ్వాన్సు ఎల్లిపోయింది. సరుకు దిగాల్సిందే."

"మొదటి రకం," అన్నారు మా వారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

అల్లుడు కూడా నవ్వాడు. అతనికి ఆడాలని ఉంది, అదే నన్ను భయపెట్టింది. పొద్దున్నే అతను మా పెరటిమెట్లు దిగడం నేను చూశాను. గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ కలిపి దిగాడు. చదునైన వరండాలో ఎవరైనా నడుస్తారు.

"అమ్మా, నేను చెప్తే మామ్మలా నసుగుతావంటాడు," అంది అమ్మాయి గుసగుసగా. "నువ్వు చెప్పు."

మా ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదట నిలబడి వాదించడం లేదు. చెప్పవలసింది కిటికీలోంచే చెప్పేదాన్ని ఎప్పుడూ. ఆ రోజు చెయ్యి తుడుచుకుని వరండాలోకి వచ్చేశాను.

"ఆయన ఆడరు," అన్నాను.

మా వారు నాకేసి అదోలా చూశారు. "ఏటే ఇది? లోపలికెళ్ళు."

"వెళ్తాను. ఆయన ఆడరు."

"అప్పా, మొక్కు సెల్లించేసేం," అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు ఆడకపోతే అమ్మోరికి కోపం రాదా?"

"మొక్కు కాదురా మీరు చెల్లించింది. అడ్వాన్సిచ్చేరు. అమ్మవారేమైనా మీ కొట్టుకి బెల్లం తోలే రైతా? ఆవిడ నీకు మాటిచ్చిందా? మీరు తెచ్చేరు, ఆవిడ తీసుకుంది, పదిమందికీ పంచింది. అక్కడితో అయిపోయింది."

"రోజూ దీపం ఎట్టేదానివి, నువ్వేనా ఆ మాటనేది?" అన్నారు మా వారు. ఆయన గొంతులో నిజంగానే బాధుంది.

"దీపం పెట్టేదాన్ని కాబట్టే అంటున్నాను. ఇన్నేళ్ళలో ఆవిడతో ఒక్కసారీ బేరమాడలేదు నేను. ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ నరం పూర్తిగా తెగిపోకుండా సగంలో ఆపింది కదా, దానికి దణ్ణం పెట్టుకోండి. మిగతా సగం కూడా తెంపమని మళ్ళీ గ్రౌండులోకి తోస్తారా?"

"క్లబ్బు పరువు..." అని ఏదో అనబోయాడు తమ్ముడు.

"క్లబ్బు నాదీనూ. నీకంటే ముందునుంచీ చూస్తున్నాను ఆ ఆట. ఓడితే నేనూ ఓడతాను."

అల్లుడి బూట్లు వరండా మూలన ఉన్నాయి. మేకుల మధ్య ఎండిన మట్టి ఇంకా అలాగే ఉంది. ఏమాలోచించానో నాకు తెలీదు. వాటిని తీసి, కొంగుతో తుడిచి, తిన్నగా దేవుడి గదిలోకి పట్టుకెళ్ళి అమ్మవారి పటం ముందు పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగి చెప్పులతో ఆ గడప దాటినదాన్ని కాదు. "తల్లీ, వానలు పడేదాకా ఇవి నీ దగ్గరే ఉంచుకో" అన్నాను, గట్టిగానే.

"అపచారం అప్పా!" తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అపచారమైతే నాకు తగులుతుంది. నేను పడతాను. నీకు దమ్ముంటే లోపలికొచ్చి తీసుకెళ్ళు."

ఎవరూ లోపలికి రాలేదు. మా వారు తల పట్టుకుని కూర్చున్నారు. తిరిగి వరండాలోకి వచ్చేసరికి అల్లుడు నావంక చూస్తున్నాడు. మేమిద్దరం అంత తిన్నగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

"అత్తయ్యా, ఆడకపోతే భయపడ్డాననుకుంటారు," అన్నాడు నెమ్మదిగా.

"అనుకుంటారు బాబూ. అననీండి. నోళ్ళు వాళ్ళవి, మోకాలు మీది. మా అమ్మాయి మిమ్మల్నే చేసుకుంది గాని క్లబ్బుని చేసుకోలేదు."

అతను కొత్త పట్టీని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత దాన్ని తమ్ముడి చేతిలో పెట్టేశాడు. "మెట్లు దిగుతుంటే నొప్పెడతంది, మామా. మీకు సెప్పలేదు. నేనాడను."

ఆ పూట మా వరండాలో ఎవరూ పకోడీలు ముట్టలేదు. చల్లారిపోయినవి నేనూ అమ్మాయీ తిన్నాం. బావున్నాయి.

మర్నాడు మ్యాచికి అందరం వెళ్ళాం. ఇంట్లో కూర్చుంటే తప్పు చేసినట్టవుతుందని నేనే ముందు బయల్దేరాను. జాతర జనం సగం గ్రౌండు గట్టు మీదే ఉంది. మమ్మల్ని చూడగానే వెనకనుంచి ఎవడో అరిచాడు. "స్టాపర్ని అత్త కొంగున ముడేసుకుందట్రోయ్!" నవ్వులు. నేను వెనక్కి తిరిగి, "ముడి గట్టిదే నాయనా, నువ్వు ఆట చూడు," అన్నాను. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మావాళ్ళు బాగా ఆడారు. అబద్ధం చెప్పడం లేదు. చీలమండ బెణికిన కుర్రాడే మొదటి గోలు కొట్టాడు. నేను లేచి నిలబడి ఆయాసం వచ్చేదాకా అరిచాను. కాని అల్లుడి చోటులో నిలబెట్టిన కుర్రాడికి ఎత్తు చాలదు. కశింకోటవాళ్ళు అది కనిపెట్టేసి రెండు బంతులూ వాడి తలమీదుగానే వేశారు. రెండోది లోపలికి పోయినప్పుడు మా వారు నా వైపు చూడలేదు. అల్లుడు రెండు చేతులూ మోకాలి మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. అతనుంటే ఆ బంతి ఆగేది. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

ఓడిపోయాం.

"ఇప్పుడు తృప్తేనా?" అన్నారు మా వారు, జనం కదులుతుంటే.

"ఓడినందుకు కాదు, ఆ మోకాలు నిలిచినందుకు," అన్నాను. "ఇంకో మాటు ఇలాగే వచ్చినా ఇలాగే చేస్తాను. మీరు నాతో మాట్లాడకపోయినా సరే."

ఆయన విసురుగా ముందుకి నడిచారు. కాని జనం తోసుకొస్తుంటే అల్లుడికి అటుపక్కకి వెళ్ళి, రాసుకుపోయేవాళ్ళని తన భుజంతో ఆపుతూ నడిచారు. అది నేను చూశానని ఆయనకి తెలీదు. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. అప్పటికే సగం నిండి ఉంది. మేం ఎక్కాం. అల్లుడు కమ్మీ పట్టుకుని, బాగున్న కాలు ముందు పెట్టి, రెండోదాన్ని జాగ్రత్తగా ఎత్తుతున్నాడు. డ్రైవరు అతన్ని గుర్తుపట్టాడు.

"ఈయన ఆడుంటే గెలిసేసేవాళ్ళం కదండీ!" అంటూ ఆక్సిలేటరు తిప్పాడు. ఆటో కదలబోయింది.

"గెలిచేవాళ్ళమే," అన్నాను డ్రైవరు భుజం మీద చెయ్యేసి. "ఆపు. ముందు ఆయన్ని నెమ్మదిగా ఎక్కనీ."