బంద్ రోజు నేను తీసిన హెల్మెట్

మా చిన్నప్పుడు తార్నాకలో బంద్ అంటే రోడ్డంతా పిల్లలదే... బస్సుల్లేవు, ఆటోల్లేవు, షట్టర్లన్నీ కిందికి. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. పెద్దవాళ్ళు టీవీల ముందు, మేం స్కేట్స్ మీద.

నేను తొమ్మిదో తరగతి, చెల్లి నాలుగు. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి లాలాపేట్ దారిలో చిన్న వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఇద్దరికీ కలిపి ఒకటే జత స్కేట్స్... నా కాలికి వదులు చేయాలి, దాని కాలికి మళ్ళీ బిగించాలి. అమ్మ షరతు ఒక్కటే.

"హెల్మెట్ లేకుండా గడప దాటకండి. చిన్నదాని పూచీ నీదే నాన్నా" అనేది నాతో.

ఆ రోజు యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్ళాం. నున్నటి తారు రోడ్డు, చెట్ల నీడ. మా వీధి పిల్లలు అప్పటికే అక్కడున్నారు. హెల్మెట్ పెట్టుకుని చెల్లి రాగానే మల్లేశ్ గట్టిగా అరిచాడు.

"అరే, పోలీసోళ్లొచ్చిండ్రురో! ఉర్కుండ్రి!"

అందరూ పడీపడీ నవ్వారు. అప్పట్లో క్యాంపస్‌లో హెల్మెట్ అంటే లాఠీ, టియర్ గ్యాస్... అది పెట్టుకున్నవాళ్ళు ఎటువైపో అందరికీ తెలుసు. వేరే పిల్లలైతే తామూ నవ్వేసేవారేమో. నేను ఆంధ్రావాళ్ళ అబ్బాయిని. వాళ్ళలా మాట్లాడాలని అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

"తీసెయ్యవే దాన్ని" అన్నాను.

"అమ్మ తిడుతుంది అన్నయ్యా..."

"నేను చెప్తున్నాగా!"

గడ్డం కింద బకిల్ నేనే ఊడదీశాను.

ముందురోజు గొడవలో విసిరిన రాళ్ళను ఎవరో పక్కకు తోశారు గానీ, చిన్న కంకర అలాగే ఉండిపోయింది. స్కేట్ చక్రానికి గులకరాయి అడ్డం పడితే చాలు... చక్రం ఆగుతుంది, మనిషి ఆగడు. చెల్లి ముందుకు పడింది. నుదురు రోడ్డుకు తగిలిన చప్పుడు నేనింకా మర్చిపోలేదు. ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదు.

బంద్ కదా... ఆటో ఎక్కడ దొరుకుతుంది? పక్కనే ఉన్న ఉద్యమ దీక్షా శిబిరం నుంచి ఒక విద్యార్థి పరిగెత్తుకొచ్చాడు. తన కండువా తీసి దాని తలకు కట్టాడు. "ఏం గాదు తమ్మీ, ఎనక కూసొని చెల్లెను గట్టిగ పట్టుకో" అంటూ బండి తీశాడు. దారిలో ఆపిన ప్రతి గుంపుకూ "పాపకు దెబ్బ తాకింది, జరుగుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు. మాది ఏ ఊరని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆసుపత్రిలో ఏడు కుట్లు పడ్డాయి. అది కళ్ళు తెరిచేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. అంత దూరం నడిచొచ్చిన అమ్మ అడిగిన మొదటి మాట, "హెల్మెట్ ఏదిరా?"

మంచం మీద నుంచి చెల్లి అంది...

"చెమట పట్టిందని నేనే తీసేశానమ్మా."

అమ్మ ఏడుస్తూ దాన్నే తిట్టింది. స్కేట్స్ అటకెక్కాయి, చెల్లి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. "పాపం, వాడు చూసుకునేవాడే, ఇదే మాట వినలేదు" అని అమ్మ చుట్టుపక్కల వాళ్ళతో చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను.

ఇప్పుడు తార్నాకలో రోడ్డు నిమిషం ఖాళీగా ఉండదు. పిల్లలు అపార్టుమెంటు సెల్లార్లో, కార్ల మధ్య సందుల్లో స్కేటింగ్ చేస్తున్నారు. ఆఫీసు నుంచి ఒళ్ళు హూనమై వస్తాను... అయినా బకిల్ పెట్టుకోని పిల్ల కనిపిస్తే బ్యాగు కింద పెట్టి, బిగించాకే లిఫ్టు ఎక్కుతాను. "రోజూ ఇదేనా అంకుల్!" అని విసుక్కుంటారు. నాకూ విసుగే... కానీ వదల్లేను.

అమ్మకు నిజం చెప్పేస్తానని మొన్న చెల్లితో అన్నాను. "ఇన్నేళ్ళ తర్వాతా? వదిలెయ్ అన్నయ్యా" అంది. మళ్ళీ వదిలేశాను.

మీ తప్పు తన మీద వేసుకున్న అక్కో, తమ్ముడో, చెల్లో మీకూ ఉండే ఉంటారు... ఉంటే కింద రాయండి. మా అమ్మ ఫేస్‌బుక్ చూడదు. అందుకే ఇక్కడైనా రాయగలిగాను.