రెండో మూత దగ్గర కట్టిన తీగ

అబ్బాస్ అలీ ఒకచోట కూర్చొని అన్నం తినగా ఆదోనిలో మా వీధివాళ్లెవరూ చూడలేదు. నూనె మిల్లులో ఫిట్టరు. ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు, గడప లోపలికీ బయటికీ తిరుగుతూనే తినేవాడు. "కాళ్లకు చక్రాలు కట్టుకోని పుట్నాడు నా కొడుకు" అనేది వాళ్లమ్మ మరియంబీ.

పీర్ల పండుగకు ఆ తల్లి గొంతెత్తితే, నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లకు అడుగు దానంతటదే పడేది. ఎనభై రెండులో ఆ గొంతులోనే గడ్డ లేచింది. ప్రాణానికి భయం లేదుగానీ, ఆపరేషనయ్యాక మాట మిగిలేదీ లేనిదీ చెప్పలేనన్నాడు కర్నూలు డాక్టరు.

రేపు పొద్దున బస్సుకు ప్రయాణమనగా, బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేపురికార్డరు చంకన పెట్టుకొని అబ్బాస్ అలీ వీధిలో పడ్డాడు. అమ్మ పాట పట్టి పెట్టుకోవాలి. గాలివానకు స్తంభాలు కూలి మూడు రోజులుగా ఊళ్లో కరెంటు లేదు. బజారంతా గాలించినా లావు సెల్లు ఒక్కటీ దొరకలేదు. శ్రావణమాసం కదా, ఉరుకుంద ఈరన్న జాతరకు పోయేవాళ్లు టార్చిలైట్లకని అన్నీ కొనుక్కుపోయారు.

ఆ మధ్యాహ్నమే నా తమ్ముడు మారెప్ప, ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి నాగళ్లు బాగుచేయించుకోవడానికి ట్రాక్టరు మీద వచ్చి, మా ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. అబ్బాస్ అలీ చూపు ట్రాక్టరు మీద పడింది.

"మారెప్పన్నా, నీ బ్యాటరీ రోంతసేపు ఇస్తావా?"

"ఇస్తా తీస్కోప్పా. మల్లా బండి స్టార్టు కాకపోతే మా ఊరిదాకా నువ్వే తొయ్యల్ల!"

నేను ఊరుకుంటే కదా! "ఈ బ్యాటరీకి ఆరు మూతలేందిరా?" అని అబ్బాస్ అలీని అడిగాను.

"మూత కింద ఒక్కో గది, అక్కా. గదికి రెండు ఓల్టులు. మొత్తం పన్నెండు. ఈ టేపురికార్డరుకు ఆరే సాలు. అందుకే మూడో మూత దాటినాక, గదుల్ని కలిపే సీసం పట్టీకి తీగ కడతాండాను."

కట్టాడు. విప్పాడు. మళ్లీ కట్టాడు. "ఎక్కువై కాలిపోతే? ఇంగో మిషను యాడ తెచ్చేది?" అంటూ తీగను ఒక మూత వెనక్కి జరిపి, రెండో మూత దగ్గర బిగించాడు. టేపు చక్రాలు తిరిగాయి. "తిరుగుతాండాది. ఇంతే సాలు!"

మరియంబీ మా అరుగు మీద కూర్చొని పాడింది. వాడు ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు. పాట మధ్యలోనే కసిరింది: "నిలబడరా సైతానా! నీ సెప్పుల సప్పుడంతా పాటలో పడతాంది!"

వెంటనే, తీగ విప్పకుండానే వెనక్కి తిప్పి విన్నాం. అచ్చం ఆమె గొంతే.

కర్నూలులో గడ్డ తీశారు. దానితోపాటు మాటా పోయింది. తిరిగొచ్చేసరికి ఊరికి కరెంటు వచ్చింది. టేపు పెడితే ఏముంది, పిచ్చుకలు కొట్లాడినట్టు ఒకటే కీచుకీచు! మరియంబీ ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఇక వాడికి నిద్రాహారాలు లేవు. మిషను విప్పడం, బిగించడం. కొత్త సెల్లు వేశాడు, అదే కీచు. ఎమ్మిగనూరు రేడియో మెకానిక్ దగ్గరికి రెండుసార్లు పోయొచ్చాడు. పీర్ల పండుగ వారంలోకి వచ్చింది. "అమ్మ గొంతు నా సేతుల్తో నేనే పాడుచేసినా అక్కా" అని మా వాకిట్లో గిరగిరా తిరుగుతుంటే నాకే కళ్లు తిరిగాయి.

"అదుండనీ. ఆ పొద్దు మూడో మూత అంటివి, రెండో మూత కాడ కడితివి. ఎందుకురా?"

"కాలిపోతాదని బలం తగ్గిస్తి గదా..."

వాడి కాలు ఆగిపోయింది. "అక్కా! బలం సాలక మిషను మెల్లగా తిరిగింది. మెల్లగా తిరిగేటప్పుడు పట్టిన పాటను నేనిప్పుడు కరెంటు పెట్టి పరిగెత్తిస్తాండా!"

"అట్లయితే మల్లా అంతే మెల్లగా తిప్పల్ల. మా తమ్మునికి కబురు సెయ్యి."

పండుగనాడు మధ్యాహ్నం మారెప్ప ట్రాక్టరును పీర్ల చావిడి ముందు నిలిపాడు. "మీయమ్మను పాడించల్లంటే నా బండే దిక్కాయె గదప్పా!" అన్నాడు. సీసం పట్టీ చిలుం పట్టి తీగ నిలవడం లేదు. అబ్బాస్ అలీ దాన్ని రెండో మూత పక్కన బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. గుండం చుట్టూ జనం చేరారు.

మరియంబీ గొంతు వచ్చింది. నిండుగా, ఆమెదే. అడుగులు మొదలయ్యాయి. పక్కన కూర్చున్న మరియంబీ తొడ మీద తాళం వేస్తూ పెదవులు కదుపుతోంది. చెమట కంట్లోకి కారుతున్నా వాడు వేలు తీయలేదు, కాలు కదపలేదు.

అంతలో మిషనులోంచి, "నిలబడరా సైతానా!"

జనమంతా గొల్లున నవ్వారు. మరియంబీ చప్పుడు లేకుండా నవ్వుతూ కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. వాడు మాత్రం ఆ టేపు అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు.