నాయిన మెడకు పూసిన పౌడరు

ఈ పొద్దున మా అపార్ట్‌మెంటు గోడ వెంబడి ఒకతను వీపుకు డబ్బా తగిలించుకుని గడ్డిమందు కొడుతుంటే, కాస్త తియ్యగా, గొంతులో కూర్చుని లేవని ఆ వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. అందరూ కిటికీలు మూసుకున్నారు. నేను మూయలేదు. అది మా నాయిన చొక్కా వాసన.

ఉప్పల్లో మా జొన్నచేను పోయాక నాయిన నాచారంలో గడ్డిమందు కంపెనీలో చేరాడు. అన్నేళ్లు నడుం వంచి కలుపు తీసినవాడు, ఆ కలుపును చంపే పొడిని సంచుల్లోకి ఎత్తే పనికి కుదిరాడు. సాయంత్రం సైకిలు చప్పుడు వినగానే ఉరికేదాన్ని. కనుబొమ్మల మీద, చెవి మడతల్లో తెల్లటి పొడి, జేబులో కాగితం చుట్టిన బెల్లం ముక్క. తింటే గొంతులో పొడి దిగిపోతుందని కంపెనీ రోజూ మనిషికో ముక్క ఇచ్చేది. ముక్కుకు గుడ్డ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నాయిన ఆ బెల్లం తినకుండా నాకు తెచ్చేవాడు. బతుకమ్మ దగ్గర పడితే ముక్కలన్నీ దాచి, పండుగ చివరి రోజు, సద్దుల నాడు, అమ్మ రొట్టెలు నలిపి, ఆ బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది. యాలకుల వాసన కింద మందు వాసన ఉండేది. అయినా వాడకట్టంతా పంచేవాళ్లం, అందరూ వేళ్లు నాకేవారు.

బతుకమ్మ పేర్చే గునుగు పూల కోసం కంపెనీ గోడ దాటి చర్లపల్లి దిక్కుకు పోయేవాళ్లం. కంపెనీ కాల్వ పారే చోట గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. ఆ బూడిదరంగు నేలను రోజూ చూసేవాళ్లమే. నేలకు అట్లా అయితే మనిషికి ఎట్లా అవుతుందని ఒక్కరమూ అడగలేదు.

రెండో ఏడు నాయిన చెవుల వెనక, మెడ మీద నల్లటి తలలున్న కురుపులు లేచాయి. నెలకోసారి కంపెనీకి డాక్టరు వచ్చి అందరినీ చూసి కార్డు మీద రాసేవాడు. కురుపులు కనిపిస్తే పని మాన్పించేవారు. అప్పటికే ఇద్దరికి అట్లా పని పోయింది. అందుకని డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే నాయిన గడప మీద కూర్చుని మెడ వంచేవాడు. అమ్మ చేతులు బట్టలుతికే సోడాకు పగిలి గరుకుగా ఉండేవి కాబట్టి పూసే పని నాది. ముఖానికి రాసుకునే పౌడరులో, గోడకు పూసే ఎర్రటి జాజు చిటికెడు కలిపి, నాయిన రంగు వచ్చేదాకా వేలితో అద్దేదాన్ని.

"మెల్లగ బిడ్డా, మండుతున్నది."

అదే కంపెనీలో పనిచేసే పక్కింటి నర్సింగ్ మామ తన వంతు కోసం నిలబడి నవ్వేవాడు. "ఏంది బావా, పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్? జర నాకు గూడ పుయ్యవే పిల్లా!"

"నీ మొకానికి పౌడర్ సాలదు, సున్నం కొట్టాలె," అనేవాడు నాయిన.

నేను పూసిన మనిషిని డాక్టరు ఎన్నడూ పట్టుకోలేదు. అది నాకు మస్తు గొప్పగా ఉండేది.

ఆరేళ్లు పూశాను. ముందు నర్సింగ్ మామ పోయాడు. తర్వాత నాయిన కళ్లు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది, దవాఖానా నుంచి ప్రాణం లేకుండా చాప మీద ఇంటికి వచ్చాడు. అమ్మ కంపెనీకి పోయి ఏమన్నా సాయం చేయమని అడిగితే ఆయన కార్డు చేతిలో పెట్టి పంపారు. మా ఇంట్లో చదువు ఎవరికి వచ్చు? అది పెట్టె అడుగున పడింది.

యాభై దాటాక చర్చి వరండాలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను, ముందు తెలుగు, ఆ తర్వాత కొంచెం ఇంగ్లీషు. అప్పుడు పెట్టె తెరిచాను. కార్డు మీద ప్రతి నెలా ఒకటే మాట. ఫిట్. నాయిన చొక్కా గుండీ పెట్టుకోలేని నెల కూడా ఫిట్టే. డాక్టరు వేలితో ఒక్కసారి తుడిస్తే తెలిసిపోయేది. ఆయన తుడవలేదు. తుడిచే పని లేకుండా నేను పూశాను.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. ఆ బూడిదరంగు నేల మీద పార్కింగు టైల్సు వేశారు. జాజు పూసిన మా గోడలూ లేవు, మలీద తిన్న వాడకట్టులో సగం మంది లేరు.

కిందికి దిగాను. గోడ వారన మొలిచిన రెండు గునుగు మొక్కలు అప్పటికే తడిసిపోయాయి.

"మూతికి గుడ్డ లేదేంది బిడ్డా?"

"అలవాటైంది పెద్దమ్మా, ఏం గాదు."

చెమటకాయలకట, మెడ నిండా పౌడరు కొట్టుకుని ఉన్నాడు. అడగకుండానే వేలు పెట్టి తుడిచాను. అతను ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

పౌడరు కింద చెమటకాయలే, నల్ల తలల కురుపులు లేవు. ఇప్పటికైతే లేవు.